జైసల్మేర్‌లో నాలుగు రాత్రులు, 450 రూపాయల మంచం

జైసల్మేర్ స్టేషన్‌లో రైలు దిగేసరికి చుట్టూ చీకటి. దేశానికి పడమటి కొస కాబట్టి అక్కడ జనవరిలో ఏడు దాటితే గాని పొద్దు పొడవదు. ఈ సంగతి నాకు ముందు తెలియదు. మన దగ్గర ఆరున్నరకు వెలుతురు వచ్చేస్తుంది కదా, అదే లెక్కలో ఉన్నాను. ఒంటరి ఆడమనిషిని, రెండు సంచులు, వణికించే చలి. ప్లాట్‌ఫాం బయట పదిమంది కుర్రాళ్ళు హాస్టళ్ళ పేర్లు రాసిన అట్టలు పట్టుకుని నిలబడ్డారు. ఉచిత జీపు, ఉచిత జీపు అని ఒకటే పిలుపులు.

నాది హనుమకొండ. దుప్పట్లు, వరంగల్ కొత్తవాడలో నేసే దర్రీలు (జంపఖానాలు), చేనేత బట్టలు అమ్మే చిన్న షాపు ఉంది. రెండు మూడేళ్ళకోసారి జైపూర్ వెళ్ళి సరుకు తెచ్చుకోవడం అలవాటు. ఈసారి సంక్రాంతి అయ్యాక జైపూర్‌లో పని ముగించుకుని, లీలణ్ ఎక్స్‌ప్రెస్‌లో బికనీర్ మీదుగా ఇంత దూరం వచ్చాను. ప్యాచ్‌వర్క్ దుప్పట్లు ఎక్కడ కుడతారో అక్కడికే పోయి చూడాలని ఎన్నాళ్ళ నుంచో కోరిక. జైపూర్‌లో లాడ్జికి రోజుకు 1,400 కట్టాను కాబట్టి ఇక్కడ కాస్త పొదుపు చేద్దామనుకున్నాను. మా అమ్మాయి తన ఫోన్‌లో వెతికి, ఆడవాళ్ళ డార్మిటరీలో మంచం 199 రూపాయలకే ఉందని ఒక హాస్టల్ బుక్ చేసింది. నలభై ఎనిమిదేళ్ళ వయసులో నలుగురితో కలిసి ఒకే గదిలో పడుకోవడం నాకు అదే మొదటిసారి.

నేను నాలుగు రాత్రులు ఉన్నది ఆ 199 హాస్టల్‌లో కాదు. అక్కడ ఉన్నది గంటసేపే. కానీ ఆ గంట సంగతే ముందు చెప్పాలి, ఎందుకంటే ఆ ఊళ్ళో చవక మంచాల వ్యాపారం ఎలా నడుస్తుందో నాకు అర్థమైంది అప్పుడే.

జీపు దిగి కౌంటర్ దగ్గర కూర్చున్నాను. చాయ్ ఇంకా రాలేదు, ప్లాస్టిక్ కాగితం నా ముందుకు వచ్చింది. ఒంటెల సఫారీ, రాత్రి ఇసుకలోనే పడక, 1,800 రూపాయలు. నేను బజారు పని మీద వచ్చాను, సఫారీ వద్దు అన్నాను. కౌంటర్‌లో ఉన్నతను నవ్వుతూనే, ఆ మంచం సఫారీకి వెళ్ళేవాళ్ళకు మాత్రమే, ఊరికే ఉండాలంటే రోజుకు 900 అన్నాడు. బుకింగ్‌లో అలాంటి షరతు ఒక్క ముక్క లేదు. మా అమ్మాయి పంపిన ఫొటో చూపించాను. చూశాడు, ఫోన్ తిరిగి ఇచ్చేశాడు. అరగంట వాదించాను. చివరికి సంచులు భుజాన వేసుకుని బయటికి వచ్చేశాను. డబ్బు అక్కడికి వెళ్ళాక కట్టాల్సిన పద్ధతి కాబట్టి రూపాయి పోలేదు. కానీ తెలియని ఊళ్ళో, చలిలో, తెల్లవారకముందే ఆడమనిషిని గుమ్మం బయట నిలబెట్టారన్న బాధ మాత్రం ఉంది.

నేనూ వ్యాపారం చేసేదాన్నే, వాళ్ళ లెక్క నాకు తెలియనిది కాదు. ఆ ఊరికి జనం వచ్చేది అక్టోబర్ నుంచి మార్చి దాకా. తర్వాత ఎండలు 45 డిగ్రీలు దాటతాయి, గదులు ఖాళీ. ఏడాది అద్దె ఆ ఆరు నెలల్లోనే రావాలి. 199కి మంచం ఇస్తే కరెంటు, నీళ్ళు, దుప్పటి ఉతుకుడు ఖర్చు కూడా రాదు. అసలు ఆదాయం సఫారీ మీద, షాపుల కమీషన్ మీద. అంతవరకు సరే. ఆ మాట ముందే రాస్తే ఇష్టమున్నవాళ్ళు వస్తారు, లేనివాళ్ళు రారు. మనిషి గుమ్మంలోకి వచ్చాక షరతు బయటపెట్టడం మంచి వ్యాపారం కాదు.

కోట కింద గోపా చౌక్‌లో ఒక చాయ్ బండి దగ్గర కూర్చుని అమ్మాయికి ఫోన్ చేశాను. అది మాట్లాడుతుండగానే పొద్దు పొడిచింది. తల ఎత్తి చూస్తే కోట గోడ మీద ఎండ పడుతోంది. ఆ రాయి పసుపూ కాదు, నారింజా కాదు, పసుపు నీళ్ళలో ముంచి తీసిన కొత్త బట్ట రంగు. పొద్దున్నుంచి పడ్డ బాధంతా ఆ ఒక్క క్షణంలో వెనక్కి పోయింది.

అమ్మాయి రెండో హాస్టల్ వెతుకుతుంటే నేను పెట్టిన షరతు ఒక్కటే, కోట లోపల వద్దు అని. లోపల ఉంటే అందం వేరు. 1156లో రావల్ జైసల్ త్రికూట కొండ మీద కట్టించిన కోట అది. ఇప్పటికీ వేల మంది అందులో కాపురం ఉంటున్నారు, రాతి కిటికీల్లోంచి ఎడారి కనిపిస్తుంది, గదులూ చవకే. కానీ ఆ కోటకు నీళ్ళే శత్రువు. వెనకటి రోజుల్లో ఆడవాళ్ళు గడీసర్ చెరువు నుంచి బిందెలతో మోసుకొచ్చిన నీళ్ళతో ఇల్లు గడిచేది, కాబట్టి చుక్క వృథా అయ్యేది కాదు. పైపులు వచ్చాయి, హోటళ్ళు వచ్చాయి, ప్రతి గదికీ స్నానాల గది వచ్చింది. కాలువలు కారి ఆ నీరు కొండలోకి ఇంకుతోంది. రాతి కింద మట్టి పొరలు మెత్తబడి గోడలు ఉబ్బాయి, కొన్ని బురుజులు కూలాయి కూడా. 2013లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరిన కోట. నేను పోసుకునే రెండు బకెట్ల నీళ్ళు దాని పునాదిలోకి పోవడం నాకు ఇష్టం లేదు. చూడటానికి రోజూ లోపలికి వెళ్ళాను, పడక మాత్రం బయటే.

అలా దొరికింది కోటకు దక్షిణంగా ధిబ్బా పాడా వైపు ఒక గల్లీలో ఉన్న హాస్టల్. గోపా చౌక్ నుంచి పది నిమిషాల నడక. పేరు రాయడం లేదు. ఈ ఊళ్ళో చాలా హాస్టళ్ళు లీజు మీద నడుస్తాయి, బోర్డు అదే ఉంటుంది గానీ సీజన్ మారితే లోపలి మనుషులు మారిపోతారు. ఈ ఏడాది నేను చూసిన మర్యాద వచ్చే ఏడాది అదే బోర్డు కింద ఉంటుందని నేను మాట ఇవ్వలేను. ఏం చూసుకోవాలో మాత్రం చెప్పగలను.

ఆరు మంచాల ఆడవాళ్ళ గది, మంచం 450. రెండంతస్తుల ఇనుప మంచాలు. ప్రతి మంచానికీ పరదా, తల దగ్గర చిన్న దీపం, చార్జింగ్ పెట్టుకునే పాయింటు. పరదా గుడ్డ ముతక కాటన్, దగ్గరకు లాగితే మన లోకం మనదే. మొదటి రాత్రి నాకు నిద్ర పడుతుందో లేదో అనుకున్నాను, ఆ పరదా వల్లనే పట్టింది. కింద ఇనుప లాకరు ఉంది గానీ తాళం మనదే. బజారులో 80 రూపాయలకు కొన్నాను. మీరు ఇంటి నుంచే ఒకటి వేసుకుని పోండి.

బట్టల విషయంలో నా కళ్ళు ఊరుకోవు. షీటు పాలిస్టర్ కలిసిన కాటన్, ఉతికి ఉతికి పలచబడింది, కానీ శుభ్రంగా ఉంది, ఎండ వాసన వస్తోంది. దిండు గలీబుకు తలనూనె వాసన ఉంటే మార్చమన్నాను, వెంటనే మార్చారు. రజాయి బరువు మాత్రం చెప్పాలి. పత్తి దండిగా కూరిన రజాయి, మీద వేసుకుంటే ఎవరో పెద్దవాళ్ళు చేయి వేసినట్టు ఉంటుంది. జనవరి రాత్రి రాతి గోడలు మంచుగడ్డల్లా అవుతాయి, ఆ రజాయి లేకపోతే నిలవలేం. దాన్ని మనిషి మనిషికీ ఉతకరు, అది సాధ్యం కూడా కాదు. అందుకని ఇంకో షీటు అడిగి రజాయి లోపలి వైపు పరుచుకున్నాను. అడిగితే ఇస్తారు, అడగకపోతే ఇవ్వరు.

లోపాలు ఉన్నాయి. ఆరుగురికి రెండు బాత్రూములు. గీజరు పొద్దున ఏడు నుంచి తొమ్మిది దాకానే. ఎనిమిదికి వెళ్తే గోరువెచ్చన, ఎనిమిదిన్నరకు వెళ్తే చన్నీళ్ళే. ఒక బాత్రూం గడియ పడదు. మొదటి రోజే చెప్పాను, మూడో రోజు సాయంత్రానికి బాగుచేయించారు. ఆడవాళ్ళ బాత్రూం గడియ అనేది మూడు రోజులు ఆగే పని కాదు, ఆ మాట మేనేజరుకు గట్టిగానే చెప్పాను. మేడ మెట్లు నిలువుగా ఉంటాయి, పట్టుకోవడానికి కడ్డీ లేదు. మోకాళ్ళ నొప్పులు ఉన్నవాళ్ళు రాత్రి పూట ఎక్కకపోవడమే మంచిది. మేడ మీద పాటలు పదికి ఆపుతాం అని గోడ మీద రాశారు, రెండు రాత్రులు పదకొండు దాటింది. ఇసుక సంగతి ఫిర్యాదు కాదు, అది ఎడారి. కానీ సంచి జిప్పులు పూర్తిగా మూసి పెట్టుకోండి. నేను మూయకపోతే కొత్త చీరల మడతల్లోకి పోయింది.

కొళాయి పైన మాత్రం ఒక చిన్న కాగితం అంటించి ఉంది: ఒక బకెట్ చాలు. ఇప్పుడు ఊరికి ఇందిరాగాంధీ కాలువ నీళ్ళు వస్తున్నా ఆ కాగితం అలాగే ఉంచారు. సాయంత్రం గడీసర్ గట్టు మీద కూర్చున్నప్పుడు అది గుర్తొచ్చింది. పద్నాలుగో శతాబ్దంలో రావల్ గడ్సీ పేరు మీద వచ్చిన వాన నీటి చెరువు అది. ఊరంతటికీ వందల ఏళ్ళు అదే తాగునీరు. భద్రకాళి చెరువు చూస్తూ పెరిగినదాన్ని, చెరువు కట్ట మీద కూర్చుంటే ఏ ఊరైనా నాకు సొంత ఊరే అనిపిస్తుంది. కాకతీయులు వాగులకు అడ్డంగా కట్టలు వేశారు, వీళ్ళు వాగు కూడా లేని చోట ఎప్పుడో పడే వానను పోగుచేసుకున్నారు. వీళ్ళ పని కష్టం ఎక్కువ.

సఫారీ గురించి ఇక్కడ కూడా అడిగారు. మొదటి సాయంత్రం మేనేజరు కుర్రాడు వచ్చి, "ఆంటీజీ, రేపు సామ్ ఇసుక దిబ్బలకు జీపు పోతోంది, వస్తారా?" అన్నాడు. సామ్ అక్కడికి నలభై కిలోమీటర్ల పైనే. నేను బజారు పని మీద వచ్చాను బాబూ అన్నాను. "సరే ఆంటీజీ, మనసు మారితే చెప్పండి" అని వెళ్ళిపోయాడు. మిగిలిన మూడు రోజులూ మళ్ళీ ఆ ఊసు ఎత్తలేదు, పొద్దున చాయ్ ఇచ్చేటప్పుడు మొహంలో తేడా లేదు. ఈ హాస్టల్‌కు నేను మంచి మాట రాయడానికి పెద్ద కారణం ఇదే. ఇంకో కారణం రెండో రోజు దొరికింది. మంచి దుప్పట్లు ఎక్కడ కొనాలని అతన్నే అడిగాను. గొంతు తగ్గించి, "మావాళ్ళు ఎవరైనా మిమ్మల్ని షాపుకు తీసుకెళ్తే రేటులో మా వాటా ఉన్నట్టే. ఒక్కరే వెళ్ళండి" అన్నాడు. ఇరవై రెండేళ్ళుగా సరుకు కోసం ఊళ్ళు తిరుగుతున్నాను, హోటలు వాడి నోటి నుంచి ఈ మాట ఎప్పుడూ వినలేదు.

ఒక్కదాన్నే వెళ్ళాను. కోట కింద మాణక్ చౌక్ నుంచి పట్వాల హవేలీల దాకా, అంటే పాత వర్తకుల భవంతుల దాకా, గల్లీ గల్లీ తిరిగాను. ఒకప్పుడు సింధ్ వైపు, అంటే ఇప్పటి పాకిస్థాన్ వైపు, పోయే ఒంటెల బారులు ఆగిన ఊరు, వర్తకం అక్కడ రక్తంలోనే ఉంది. ప్యాచ్‌వర్క్ దుప్పట్లంటే పాత ఘాగ్రాలు, ఓణీల మీద కుట్టుపని ఉన్న ముక్కలు కోసి, రంగు చూసి, ఒకదాని పక్కన ఒకటి అతికి కుడతారు. ప్రతి షాపులోనూ వందేళ్ళ నాటిది అంటారు. మాట నమ్మొద్దు, దుప్పటి తిరగేయండి. చేతి కుట్టయితే వెనక దారం పొడవు ఒకలా ఉండదు, అక్కడక్కడ ముడులు కనిపిస్తాయి. మిషను కుట్టు వెనక కూడా వరస తప్పదు. ఎరుపు, నీలం ముక్కల మీద తడి రుమాలు రుద్దండి, రంగు అంటితే మొదటి ఉతుకులోనే మిగతా ముక్కలన్నీ పాడవుతాయి. అద్దాలు గోటితో తట్టండి, గాజుకూ ప్లాస్టిక్ రేకుకూ చప్పుడు వేరు. 4,500 అన్న దుప్పటి 1,700కు ఇచ్చారు. అలాంటివి పదకొండు తీసుకున్నాను.

కానీ నేను తెచ్చిన వాటిలో అన్నిటికన్నా నాకు ఇష్టమైనది బజారులో దొరకలేదు, హాస్టల్ వంటింట్లో దొరికింది. వంట చేసే ఆవిడది ఖుడీ వైపు పల్లె. పొద్దున పొయ్యి దగ్గర కూర్చుని ఒక ఉన్ని శాలువా కప్పుకుని ఉంది. ముదురు గోధుమ రంగు, అంచు దగ్గర ఎరుపు, పసుపు, తెలుపు గళ్ళు. దీన్నేమంటారు దీదీ అని అడిగాను. "పట్టు" అంది. నేను సరిగ్గా వినలేదేమో అనుకుని మళ్ళీ అడిగాను. పట్టే. ఆ ఎడారి పల్లెల్లో గుంట మగ్గం మీద నేసే ఉన్ని గుడ్డ పేరు పట్టు. మనకు పెళ్ళి చీర ఏదో, వాళ్ళకు చలికాలపు కప్పు అది. పక్కన కూర్చుని చేత్తో పట్టుకుని చూశాను. గళ్ళు సూదితో కుట్టినట్టు కనిపిస్తాయి గానీ కుట్టు కాదు, నేసేటప్పుడే పేకలో అదనపు దారం వేసి తీస్తారు. మగ్గం వెడల్పు తక్కువ కాబట్టి రెండు పేటలు నేసి మధ్యలో కలిపి కుడతారు. ఆ కలిపిన కుట్టు మీద గళ్ళు ఒక్క నూలు పోగు కూడా పక్కకు జరగలేదు. మా కొత్తవాడలో దర్రీ నేసే పెద్దాయనకు చూపించాలనిపించింది. ఆవిడ బంధువు ఒకాయన మూడో రోజు నాలుగు పట్టులు తెచ్చాడు, రెండు తీసుకున్నాను, ఒక్కొక్కటి 2,600. బేరం ఆడలేదు. మేనేజరు అందులో పైసా అడగలేదు.

తిండి గురించి. మేడ మీద మెనూ కార్డులో నూడుల్స్, పాన్‌కేకులు ఉంటాయి, ధర ఎక్కువ, రుచి తక్కువ. పొద్దున ఇచ్చే ఆలూ పరాఠా, పెరుగు మాత్రం కడుపు నిండా పెడతారు, అది మంచం ధరలోనే. అన్నం కావాలంటే కష్టం. రాత్రి పనివాళ్ళ కోసం వంటావిడ చేసుకునే సజ్జ రొట్టె, కేర్ సాంగ్రీ కూర నాకూ పెట్టమని అడిగాను. 100 రూపాయలు తీసుకుంది. కేర్ అంటే ముళ్ళ పొదకు కాసే పుల్లటి చిన్న కాయ. సాంగ్రీ అంటే సన్నటి ఎండు కాయలు, నానబెట్టి, ఉడకబెట్టి, ఎండుమిర్చి, మామిడి ఒరుగు వేసి నూనెలో వేయిస్తారు. ఏ చెట్టు కాయలివి అంటే ఖేజ్డీ అని ఫోన్‌లో ఫొటో చూపించింది. అది మన జమ్మి చెట్టు. దసరా రోజు పాలపిట్టను చూసి, జమ్మికి మొక్కి, ఆ ఆకును బంగారం అని పెద్దవాళ్ళ చేతిలో పెట్టి కాళ్ళకు దండం పెట్టుకుంటాం కదా, ఆ చెట్టే. తెలంగాణకూ రాజస్థాన్‌కూ రాష్ట్ర వృక్షం ఒకటే. ఇన్నేళ్ళు మొక్కాను గానీ దాని కాయ కూర వండుతారని నాకు తెలియదు.

మేం ఆకును బంగారం అంటాం అని చెబితే ఆవిడ చాలా సంతోషించింది. తర్వాత తను చెప్పింది, జోధ్‌పూర్ దగ్గర ఖేజడ్లీలో రాజు మనుషులు ఈ చెట్లు నరకడానికి వస్తే అమృతాదేవి అనే ఆవిడ చెట్టును కౌగిలించుకుని ప్రాణం ఇచ్చిందని. 1730 నాటి సంగతి అది. ఆవిడతో మొదలై, చెట్లను ప్రాణంగా చూసుకునే బిష్ణోయీ సమాజంవాళ్ళు 363 మంది పోయారు. ఆ మాట చెబుతూ ఆవిడ రొట్టె తిప్పడం ఆపేసింది. నా దగ్గర సంక్రాంతి సకినాలు ఒక డబ్బా ఉంటే తెచ్చి ఇచ్చాను. నువ్వులు వాళ్ళకూ సంక్రాంతి వస్తువే, ఆ రుచి వెంటనే గుర్తుపట్టింది. గదిలో ఉన్న పుణె అమ్మాయిలిద్దరూ మిగిలినవి పూర్తి చేశారు.

నాలుగు రాత్రులకు మంచం 1,800, రాత్రి భోజనాలు 300, లాండ్రీ 120. ఆడవాళ్ళు ఒంటరిగా ఉండొచ్చా అంటే, నేను ఉన్నాను, రాత్రి తొమ్మిది గంటలకు బజారు నుంచి ఆ గల్లీలో నడిచి వచ్చాను, ఎవరూ ఒక్క మాట అనలేదు. డార్మిటరీ గది తలుపుకు లోపల గడియ బలంగా ఉంది, గల్లీ తలుపు పదకొండున్నరకు వేస్తారు, కౌంటర్ పక్కనే ఒక మనిషి పడుకుంటాడు. మీరు ఏ హాస్టల్ తీసుకున్నా, బుక్ చేసే ముందు ఫోన్ చేసి సఫారీ తీసుకోకపోయినా ఈ ధరకే ఇస్తారా అని అడిగి, జవాబు మెసేజ్‌లో రాసి పంపమనండి. రాయడానికి వెనకాడితే ఆ మంచం వదిలేయండి.

ఇక మంచం ఎంచుకునేటప్పుడు కిటికీ పక్కది వద్దు. ఆ పాత చెక్క తలుపుల సందులోంచి తెల్లవారుజామున గాలి కోతపెడుతుంది, ఇసుక కూడా దిండు మీదికే వస్తుంది. తలుపు పక్కన గోడ వైపు కింది మంచం అడగండి. రెండో రాత్రి నుంచి నేను అక్కడే పడుకున్నాను.